నల్లమల చుట్టూ జలపాతాలు: ఎవరితో, ఏ నెలలో, ఎక్కడికి?

వానలు పడగానే ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎవరి ఫోన్ చూసినా జలపాతాల వీడియోలే. వాటిలో పాలనురుగులా దూకే నీళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్ల దాకా దిగాల్సిన మెట్లు కనిపించవు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ మెట్లన్నీ తిరిగి ఎక్కగలదా అన్నది ఆ వీడియో చెప్పదు. అక్కడ సిగ్నల్ ఉంటుందా, పొద్దుగూకితే అడవి రోడ్డు మీద బండి కదలనిస్తారా అన్నది కూడా చెప్పదు. అందుకే ఇల్లంతా కలిసి బయలుదేరే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

మన వైపు జలపాతాలకు ఒక చిక్కుంది. నీళ్లు బాగా ఉన్న రోజుల్లో తోవ బాగుండదు, తోవ బాగైన రోజుల్లో నీళ్లు తగ్గుతూ ఉంటాయి. నల్లమల ఆకురాల్చే అడవి. ఇక్కడి వాగులన్నీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వానల మీదే బతుకుతాయి. వాన ఎక్కువైతే వాగు ఉరుకుతుంది, బండలకు పాసి పడుతుంది, మట్టిరోడ్డు బురదవుతుంది. మార్చి వచ్చేసరికి చాలాచోట్ల బండ మీద తడి మాత్రమే మిగులుతుంది. కాబట్టి ముందు నెల చూసుకోవాలి, తర్వాత వెంట ఎవరెవరు వస్తున్నారో చూసుకోవాలి, ఆ తర్వాతే ఊరి పేరు అనుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పేరు ముందు ఖాయం చేసుకుని, ఏ ఆదివారం సెలవు దొరికితే ఆ ఆదివారం బయలుదేరతారు.

మనకు దగ్గర్లో నిజంగా ఎంచుకోదగ్గవి మూడు: మల్లెలతీర్థం, ఎత్తిపోతల, సలేశ్వరం. ఈ మూడూ ఒకదానికొకటి పోలిక లేనివి. అందుకే ఏది గొప్ప అని అడిగితే నేను జవాబు చెప్పను, ఎవరితో వెళ్తున్నారని తిరిగి అడుగుతాను.

మల్లెలతీర్థం: నడవగలిగే వాళ్లకు మొదటి ఎంపిక

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి, ఫరహాబాద్ దాటి ముందుకు పోతే వటవర్లపల్లి వస్తుంది. అక్కడ హైవే వదిలి అడవిలోకి సుమారు 8 కిలోమీటర్లు వెళ్లాలి. హైదరాబాద్ నుంచి లెక్కేస్తే 185 కిలోమీటర్లు, శ్రీశైలం నుంచి 58. మహబూబ్‌నగర్ వాళ్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా రావచ్చు. నల్లగొండ వాళ్లు దేవరకొండ మీదుగా డిండి చేరితే అక్కడే శ్రీశైలం హైవే కలుస్తుంది. ఏ వైపు నుంచి వచ్చినా మూడు, నాలుగు గంటలు పెట్టుకోవాలి.

బండి ఆగిన చోటి నుంచి సుమారు 350 మెట్లు దిగాలి. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. చెట్ల నీడ, చల్లగాలి, కింద నుంచి వినిపించే నీళ్ల చప్పుడు, ఇవన్నీ కాళ్లను తమంతట తామే లాక్కుపోతాయి. అసలు పరీక్ష పైకి ఎక్కేటప్పుడు. తడిసిన బట్టలు, అలసిన ఒళ్లు, చంకలో పిల్లాడు. గుండె జబ్బున్నవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్న ఆడవాళ్లు దిగకపోవడమే మంచిది. "మేం పైన కూర్చుంటాం, మీరు చూసి రండి" అని పెద్దవాళ్లు అంటారు. ఒప్పుకోకండి. అడవి మధ్య కోతుల నడుమ వాళ్లు గంటల తరబడి ఎదురుచూస్తుంటే, కింద నీళ్లలో ఉన్న మీకూ మనసు కుదురుగా ఉండదు. వాళ్లు వస్తున్నారంటే ఎంపికే మార్చండి.

ఇంత చెప్పినా, మూడింటిలో నా ఓటు దీనికే. ఎందుకంటే నీళ్ల దగ్గరికి నిజంగా చేరగలిగేది ఇక్కడే. ఎత్తైన బండల మీద నుంచి నీళ్లు జారి కింద మడుగులో పడతాయి. ఆ తర్వాత వాగు అడవిలో పారుకుంటూ కృష్ణమ్మలో కలుస్తుంది. చుట్టూ కొండలు, పెద్ద పెద్ద చెట్లు. ఎండ కిందికి దిగేసరికి ఆకుల్లో సగం ఇంకిపోతుంది. ఇక్కడ శివలింగం ఉంది, దండం పెట్టుకుని నీళ్లు నెత్తిన చల్లుకుని పోయేవాళ్లే ఎక్కువ. జనం తక్కువున్న రోజు వెళ్తే పక్షుల కూతలు, నీళ్ల మోత తప్ప ఇంకేమీ వినపడదు. అటువంటి చోటు మన పక్కనే ఉండడం మన అదృష్టం.

ఎప్పుడు వెళ్లాలంటే, అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ దాకా. బతుకమ్మ, దసరా హడావిడి అయ్యాక అన్నమాట. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, వాగులో నీళ్లు ఇంకా గట్టిగానే ఉంటాయి, మెట్లు ఆరి ఉంటాయి. జనవరిలోనూ వెళ్లొచ్చు గానీ ధార సన్నబడుతుంది. కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్లే జనమంతా ఇదే రోడ్డు మీద ఉంటారు కాబట్టి సోమవారాలు, శని ఆదివారాలు వదిలేయండి. మంగళవారమో బుధవారమో అయితే ఆ జలపాతం మీ ఒక్కరి కోసమే ఉన్నట్టుంటుంది.

జూలై, ఆగస్టుల్లో వెళ్దామని పిల్లలు పట్టుబడతారు, వీడియోలన్నీ అప్పటివే కాబట్టి. నేనైతే వద్దంటాను. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్ల అడవి, ఒకప్పటి నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో రాష్ట్ర విభజన తర్వాత మన వైపు వచ్చిన భాగం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కోర్ ప్రాంతంలో, అంటే అడవి లోపలి కట్టుదిట్టమైన భాగంలో, సఫారీలు ఆపేస్తారు. నీళ్లు ఉధృతంగా ఉంటే జలపాతం తోవ కూడా మూసేయవచ్చు. అంత దూరం వెళ్లి గేటు దగ్గర నుంచి వెనక్కి రావడం ఒక బాధ. గేటు తెరిచి ఉండి, వాగు ఒక్కసారిగా పొంగడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మీరు నిల్చున్న చోట ఎండ కాస్తూ ఉండొచ్చు, పైన ఎక్కడో కొండల్లో కుండపోత పడితే ఆ నీళ్లు మీ మీదికే వస్తాయి. నీళ్ల రంగు ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, మోత మారినా ఫొటోలు పక్కన పెట్టి వెంటనే గట్టెక్కండి.

మడుగు లోతును కంటితో అంచనా వేయొద్దు. పైనుంచి దూకొద్దు. ధార నేరుగా నెత్తి మీద పడే చోట నిలబడితే నీళ్లతో పాటు రాళ్లూ రావచ్చు. తడి బండ మీద చెప్పులకంటే గట్టి పట్టున్న శాండిల్స్ నయం. పిల్లలకు ఒకటే కట్టుబాటు పెట్టండి: పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే నీళ్లలో దిగాలి.

ఎత్తిపోతల: మూడు తరాలు కలిసి వెళ్తే ఇదే

నాగార్జునసాగర్ నుంచి మాచర్ల రోడ్డులో 11 కిలోమీటర్లు. డ్యామ్ దాటాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లినట్టే, ఇప్పుడది పల్నాడు జిల్లా. అయినా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లకు మల్లెలతీర్థం కన్నా ఇదే దగ్గర. నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్‌కు రోడ్డు చక్కగా ఉంటుంది, ఉదయం టిఫిన్ చేసి బయలుదేరినా సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

చంద్రవంక వాగు ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. ఎదురుగా ఒడ్డున నిలబడి జలపాతం మొత్తాన్ని ఒకే చూపులో చూడొచ్చు. దిగాల్సిన పని లేదు, ఎక్కాల్సిన పని లేదు. తాతయ్య చేతికర్రతో వచ్చినా, చంటిపిల్ల ఒళ్లో ఉన్నా ఇబ్బంది లేదు. టీ, తినుబండారాలు, నీడ, మరుగుదొడ్డి వంటివి అడవి జలపాతాల కంటే ఇక్కడ సులువు. దత్తాత్రేయుడి గుడి కూడా ఉంది, లంబాడా కుటుంబాలు భక్తితో వస్తుంటాయి.

కానీ ఇక్కడ నీళ్లు చూడడానికే, స్నానానికి కాదు. కింద మడుగులో మొసళ్లున్నాయి. మొసళ్ల పెంపకం కేంద్రం ఉన్న చోటే ఇది. కంచె దాటి కిందికి దిగే కుర్రాళ్లను చూసి మన పిల్లలు కూడా వెళ్తామంటే గట్టిగా ఆపండి. నీళ్లలో తడవాలన్న ఆశతో వచ్చినవాళ్లకు ఎత్తిపోతల కొంత నిరాశే. చూసి రావాలనుకున్నవాళ్లకు మాత్రం కడుపు నిండుతుంది.

ఇంకో మంచి సంగతి, వానాకాలం దీనికి శత్రువు కాదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మల్లెలతీర్థం వద్దన్నాను కదా, అప్పుడే దీన్ని ఎంచుకోండి. ఎగువ నుంచి కృష్ణకు వరద వచ్చి సాగర్ నిండితే 26 గేట్లలో కొన్నైనా ఎత్తుతారు. అదే రోజు కుదిరితే ఒక్క ప్రయాణంలో రెండూ చూడొచ్చు. మిగిలిన పూట బుద్ధవనంలో గడపండి. 2022లో ప్రారంభమైన ఈ బౌద్ధ వనం సాగర్‌లో మన వైపే ఉంది, పెద్దవాళ్లు నెమ్మదిగా తిరగడానికి అనువుగా ఉంటుంది. గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం డ్యామ్ దగ్గర కార్లు కదలవు. పొద్దున్నే ముందు ఎత్తిపోతల చూసి, తర్వాత డ్యామ్‌కు రండి.

సలేశ్వరం: దీన్ని పిక్నిక్‌గా అనుకోకండి

సలేశ్వరం పేరు మిగతా రెండింటి పక్కన పెట్టి పోల్చడానికే నాకు మనసొప్పదు. అయినా జలపాతం అనగానే చాలామంది అడిగేది దీన్నే కాబట్టి చెప్పాలి.

ఏడాదిలో చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే అడవి శాఖ లోపలికి వదులుతుంది. ఎన్ని రోజులన్నది ఏటేటా మారుతుంది, జాతర ముందు వచ్చే ప్రకటన చూసుకోవాలి. ఫరహాబాద్ దగ్గర హైవే దిగి అడవి రోడ్డు మీద రాంపూర్ పెంట దాకా బండ్లు వెళ్తాయి (పెంట అంటే చెంచుల గూడెం). అక్కడి నుంచి గుట్టలు ఎక్కుతూ దిగుతూ నాలుగైదు కిలోమీటర్ల నడక. లింగాల వైపు నుంచి ఇంకా దూరం నడిచి వచ్చే భక్తులూ ఉన్నారు. రెండు కొండల నడుమ ఇరుకు లోయలో, చాలా ఎత్తు నుంచి నీటిధార పడుతుంది. పక్కనే గుహలో లింగమయ్య. ఏప్రిల్ ఎండల్లో చుట్టూ అడవంతా ఎండిపోయి ఉంటే, ఆ లోయలో మాత్రం నీళ్లు చల్లగా జారుతూనే ఉంటాయి. చెంచులే ఇక్కడ పూజారులు. తరతరాలుగా ఈ దేవుణ్ణి, ఈ నీళ్లను కాపాడుకుంటూ వస్తున్నది వాళ్లే. పోయేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా" అని, తిరిగొచ్చేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా" అని అందరూ కేకలు వేస్తూ నడుస్తుంటే, అలసిపోయిన వాళ్లకూ కాళ్లలో సత్తువ వస్తుంది. తెలంగాణ అమర్‌నాథ్ అని దీన్ని ఊరికే అనరు.

మొక్కు ఉన్నవాళ్లు, నడక అలవాటున్నవాళ్లు, ఎండకు తట్టుకోగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లాలి. జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన చోటు. కేవలం జలపాతం చూడాలనుకునే వాళ్లకు మాత్రం నా సలహా వేరు. ఆ రోజుల్లో ఇరుకు తోవలో జనం జనాన్ని తోసుకుంటారు, ఒక పక్క లోయ ఉంటుంది, ఎండ నెత్తి మాడ్చేస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ నడక ప్రాణం మీదికి తేవచ్చు. ధార కింద తలస్నానానికి కూడా వరసలో నిలబడాలి. ప్రశాంతత కావాలంటే అది ఇక్కడ ఆ రోజుల్లో దొరకదు, దొరికేది భక్తి. ఆ రెండింటిలో మీకేది కావాలో మీకే తెలుస్తుంది.

వెళ్లాలని ఖాయం చేసుకుంటే, రాత్రి చల్లటి వేళే అచ్చంపేట దగ్గరికి చేరి, తెల్లారగానే నడక మొదలుపెట్టేలా చూసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, రెండు నిమ్మకాయలు, నెత్తికి తువ్వాల. ఉపవాసం ఉంటామని ఏమీ తినకుండా నడవొద్దు, కనీసం అరటిపండో మజ్జిగో తీసుకోండి. లింగమయ్య కాదనడు. పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి, అక్కడ ఫోన్లు పనిచేస్తాయని నమ్మలేం.

మిగతా ఏడాదంతా ఆ లోయ మూసి ఉంటుంది. "నాకు తెలిసిన తోవ ఉంది, తీసుకుపోతా" అని ఎవరైనా అంటే వినకండి. అనుమతి లేకుండా కోర్ అడవిలోకి వెళ్లడం నేరం. పులి, ఎలుగుబంటి తిరిగే చోట, పాము కరిస్తే ఆసుపత్రికి చేరడానికి గంటలు పట్టే చోట దొంగదారిన వెళ్లడం ఏ జలపాతం కోసమూ చేయదగ్గ పని కాదు.

ఈ మూడూ కుదరకపోతే

అచ్చంపేట దాకా వచ్చి, అడవిలోకి వెళ్లే ఓపిక లేకపోతే రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. పెద్ద కొండచరియ కింద గుడి, ఆ చరియ నుంచి వానాకాలంలో నీళ్లు తుంపరలుగా గుడి ముందు పడుతుంటాయి. కొండ మీదికి బండి వెళ్తుంది. జలపాతం చూసిన తృప్తి పూర్తిగా రాదు గానీ, నడవలేని అమ్మానాన్నలతో కలిసి తడిసిన కొండ గాలి పీల్చుకోవాలంటే దీన్ని మించింది లేదు. సంక్రాంతి రోజుల్లో జాతర, అప్పుడు రద్దీ.

వనపర్తి, కొత్తకోట వైపు వాళ్లకు సరళాసాగర్ ఇంకా దగ్గర. ఇది వాగు మీద కట్టిన ప్రాజెక్టు, అడవీ లేదు, జలపాతమూ కాదు. వనపర్తి రాజావారి కాలంలో మొదలై 1959లో పూర్తయింది. చెరువు నిండితే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు, అంటే నీళ్లను లాగి బయటికి వదిలే గొట్టాల్లాంటి దారులు, వాటంతట అవే తెరుచుకుని నీళ్లు బయటికి దూకుతాయి. 2019 డిసెంబర్ చివర్లో దీని కట్ట తెగింది, తర్వాత బాగుచేశారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే తప్పకుండా చూపించండి. సైఫన్లు తెరుచుకున్నాయని కబురు అందాకే బయలుదేరండి, లేకుంటే మామూలు చెరువు చూసినట్టే ఉంటుంది.

తొలి ఏకాదశి నాడు నల్లమలలో లొద్ది మల్లయ్య దగ్గరికి జనం వెళ్తారు. గుహ, నీళ్లు, శివుడు అన్నీ అక్కడా ఉన్నాయి. అదీ భక్తుల తోవే కాబట్టి సలేశ్వరానికి చెప్పినవే దానికీ వర్తిస్తాయి.

ఖర్చు, బండి, తిండి

సొంత బండి ఉంటే మల్లెలతీర్థం సులువు, లేకుంటే కష్టం. శ్రీశైలం బస్సెక్కి వటవర్లపల్లిలో దిగొచ్చు, అక్కడి నుంచి లోపలికి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను ఆగమని ముందే ఒప్పందం చేసుకోండి. లేకపోతే సాయంత్రం ఆ 8 కిలోమీటర్లు అడవిలో నడవాల్సి వస్తుంది. ఎత్తిపోతలకు ఈ టెన్షన్ లేదు, సాగర్ దాకా బస్సులు, అక్కడి నుంచి మాచర్ల వైపు ఆటోలు దొరుకుతాయి.

పెట్రోల్ అడవి రాకముందే నింపుకోండి. గేటు దగ్గర టికెట్లకు, పార్కింగ్‌కు నగదు ఉండాలి. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే కుదరదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సద్ది ఇంటి నుంచే కట్టుకుపోవడం మేలు. పులిహోర, చపాతీ, ఉడికించిన పల్లీలు లాంటివి చాలు. స్టీలు డబ్బాల్లో, బట్ట సంచుల్లో పెట్టుకోండి, ఎందుకంటే అమ్రాబాద్ అడవిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. కోతులకు తిండి వేయొద్దు. ఇవాళ మీరు వేసిన బిస్కెట్ వల్ల రేపు అది ఇంకొకరి పిల్ల చేతిలోంచి లాక్కుంటుంది. పొయ్యి పెట్టి వంట చేయాలన్న ఆలోచన మానుకోండి, ఎండాకాలంలో నల్లమల ఆకు ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. మందు సీసాలు తెచ్చే స్నేహితులతో అసలు వెళ్లొద్దు. తడి బండల దగ్గర ఒక్కడు మత్తులో ఉన్నా అందరి ప్రాణాలూ అతని చేతిలో ఉన్నట్టే. తోవలో చెంచు పెంటలు కనిపిస్తే వాళ్ల ఇళ్లకు, పిల్లలకు అడగకుండా ఫొటోలు తీయకండి. అది వాళ్ల ఇల్లు, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం. తేనె అమ్ముతుంటే బేరమాడకుండా కొనండి.

చివరిగా తిరుగు ప్రయాణం వేళ. మన్ననూర్, దోమలపెంట మధ్య అడవి రోడ్డు మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, వన్యప్రాణులు రోడ్డు దాటే సమయం కాబట్టి. మల్లెలతీర్థం నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా మెట్లు ఎక్కడం మొదలుపెడితే వెలుతురుండగానే మన్ననూర్ దాటొచ్చు. శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిన రోజు మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఆ రోజు దోమలపెంట ఘాట్‌లో కార్లు గంటల తరబడి నిలిచిపోతాయి, ఆ జనమంతా సాయంత్రం ఇదే రోడ్డున వెనక్కి వస్తారు. గేట్లు చూడాలనుకుంటే గేట్ల కోసమే వెళ్లండి, మల్లెలతీర్థాన్ని ఇంకో వారానికి ఆపండి.